రాక్ ఆల్బమ్ ఎంత గట్టిగా మోగాలి? బ్యాండ్లు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మాది చిన్న రికార్డింగ్ గది. మా కరెంటు బిల్లు కట్టేవి భక్తి పాటలు, పెళ్లి వీడియోల పాటలు, ఎన్నికలొస్తే ప్రచార గీతాలు. అయినా తలుపు మూసుకుని ఇష్టంగా కూర్చునేది మాత్రం నెల్లూరు, కావలి, ఒంగోలు కళాశాలల నుంచి రాక్ బ్యాండ్లు వచ్చినప్పుడే. వచ్చిన ప్రతి బ్యాండూ మాస్టరింగ్ దశలో, అంటే విడివిడి ట్రాకులను కలిపి మిక్స్ చేశాక విడుదలకు ముందు పాటను చివరిసారి సర్దేటప్పుడు, దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతోంది కాబట్టి, ప్రతిసారీ టీ చల్లారిపోయేదాకా చెప్పే సమాధానాలను ఇక్కడ రాసి పెడుతున్నాం.

స్టూడియోలో బ్రహ్మాండంగా ఉన్న మా పాట, కారులో వేరే పాట తర్వాత పెడితే చప్పగా ఉంటోంది. మిక్స్‌లో తప్పుందా?

చాలాసార్లు తప్పు మిక్స్‌లో ఉండదు, పోల్చిన తీరులో ఉంటుంది. ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండోసారి ఒక్క డెసిబెల్ పెంచితే, వినేవారు "శబ్దం పెరిగింది" అనరు, "ఇది బాగుంది" అంటారు. ఇందులో వారి తప్పేమీ లేదు, చెవి నిర్మాణమే అలాంటిది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు చెవి బాస్‌నూ, బాగా పై స్థాయి ధ్వనులనూ సరిగా పట్టుకోలేదని, శబ్దం పెరిగేకొద్దీ ఆ రెండు చివరలూ నిండుగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. అందుకే గట్టిగా మోగే పాట ఎదుట మెల్లగా మోగే పాట, ఎంత చక్కగా చేసినదైనా, పలచబడినట్టు అనిపిస్తుంది. మైపాడు రోడ్డులో కిటికీలు దించుకుని, ఇంజిన్ రొదలో విన్నప్పుడు ఆ తేడా ఇంకా పెద్దదవుతుంది. ఆల్బమ్‌ల మీద వ్యాపార ఒత్తిడి అంతా పుట్టేది ఈ పది సెకన్ల పోలికలోనే. ఆల్బమ్‌ను కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వినేవారు ఎవరూ ఈ పోలిక చేయరు.

గట్టిగా కావాలంటే వాల్యూమ్ పెంచుకుంటే సరిపోదా? మాస్టరింగ్‌లో పెంచడం అంటే ఏమిటి?

వినేవారి చేతిలో ఉన్న వాల్యూమ్ వేరు, పాట లోపల కూర్చిన గట్టిదనం వేరు. ఇది అర్థం కావాలంటే డ్రమ్స్‌లోని స్నేర్ అనే డ్రమ్ము మీద పడిన ఒకే ఒక్క దెబ్బను తెరమీద పెద్దది చేసి చూడాలి. కర్ర తగిలిన మొదటి కొన్ని మిల్లీసెకన్లలో ధ్వని రేఖ తాటిచెట్టులా నిటారుగా లేస్తుంది. ఆ వెంటనే పడిపోయి, స్నేర్ అసలు నాదం, ఆ తర్వాత గదిలోని ప్రతిధ్వని, నేలబారు పొదలా కాసేపు సాగుతాయి. దెబ్బ తగిలిందన్న అనుభూతి ఇచ్చేది ఆ తాటిచెట్టే. అయితే పాట మొత్తం ఎంత గట్టిగా ఉందో చెవి నిర్ణయించుకునేది ఆ క్షణకాలపు శిఖరాన్ని బట్టి కాదు, కింద సాగే సగటును బట్టి.

డిజిటల్ రికార్డింగ్‌కు దాటలేని కప్పు ఒకటి ఉంటుంది. సీడీలో ధ్వనిని క్షణక్షణం కొలిచి రాసే ప్రతి నమూనాకూ 16 బిట్లే కాబట్టి అందులో రాయగలిగిన అతి పెద్ద సంఖ్య 32,767. అంతకు మించిన శబ్దం వస్తే రాయడానికి అంకె ఉండదు, శిఖరం అక్కడికక్కడ తెగిపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. మైకుసెట్టు కొమ్ముబూర గరగరలాడినప్పుడు వినిపించేదీ అదే కోవకు చెందిన ధ్వని. మాస్టరింగ్‌లో లిమిటర్ చేసేదేమిటంటే, పాట మొత్తాన్ని పైకి లేపుతూ, కప్పుకు తగిలే తాటిచెట్ల తలలను వంచేస్తుంది. ఒకటి రెండు డెసిబెల్స్ వంచితే ఎవరికీ తెలియదు, పాట కుదురుగా కూడా ఉంటుంది. ఏడెనిమిది వంచితే చెట్లూ పొదలూ ఒకే ఎత్తుకు వచ్చి, తెరమీద పాట చీమకుర్తిలో కోసి పేర్చిన గ్రానైట్ పలకలా కనిపిస్తుంది.

ఈ పోటీ ఎప్పుడు మొదలైంది?

వినాయక చవితికి ఒకే వీధిలో రెండు పందిళ్లు వేస్తే ఏం జరుగుతుందో మనకు తెలుసు. మొదటి పందిరి వారు ఒక గీత పెంచుతారు, రెండో పందిరి వారు రెండు గీతలు పెంచుతారు, రాత్రయ్యేసరికి రెండు పందిళ్లలోనూ పాట ఏదో ఎవరికీ తెలియదు. సంగీత వ్యాపారంలో ఆ వీధి మొదట జ్యూక్‌బాక్స్ రూపంలో, అంటే నాణెం వేస్తే కోరిన రికార్డు మోగించే యంత్రం రూపంలో వచ్చింది. హోటల్లోని జ్యూక్‌బాక్స్‌లో వాల్యూమ్ ఒక్కచోటే ఉంచేవారు కాబట్టి, గట్టిగా చెక్కిన రికార్డు పక్క రికార్డును మింగేసేది. అమెరికాలో మోటౌన్ సంస్థ 1960లలో తన చిన్న రికార్డులను గట్టిగా చెక్కించడానికి పేరు పొందింది. అయితే గాడి చెక్కే ఆ వినైల్ రికార్డు తనను తానే అదుపులో పెట్టుకునేది. గాడి వెడల్పైతే ఒక వైపు పట్టే నిమిషాలు తగ్గిపోయేవి, బాస్ మరీ ఎక్కువైతే సూది గాడి దాటి ఎగిరిపడేది.

1982లో సీడీ వచ్చాక ఆ భయం పోయింది. సిద్ధాంతరీత్యా సీడీలో అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ దూరం పడుతుంది. వినైల్‌కు అందనంత జాగా అది. ఇంత పెద్ద ఇల్లు కట్టుకుని అందరూ కప్పుకు వేలాడటం ఈ కథలో నాకు ఎప్పటికీ నవ్వు తెప్పించే విషయం. 1994లో వేవ్స్ సంస్థ తెచ్చిన ఎల్1 అనే లిమిటర్ రాబోయే శిఖరాన్ని ముందే చూసి వంచగలిగేది. ఆ తర్వాత గట్టిదనం పెంచడం ఒక మీటను కిందికి లాగినంత సులువైంది. 1995లో వచ్చిన ఒయాసిస్ బృందం రెండో ఆల్బమ్‌ను ఈ పోటీలో ఒక మలుపుగా చాలామంది చెబుతారు.

రాక్ అంటేనే గట్టిగా ఉండాలి కదా? మెల్లగా ఉంటే అది రాక్ ఎలా అవుతుంది?

ఈ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోము. వక్రీకరించిన (డిస్టార్షన్) గిటారు ధ్వని పుట్టుకే క్లిప్పింగ్ నుంచి, అక్కడ ఆంప్లిఫయర్ గరగరలాడాలనే కోరుకుంటాం. కాని గిటారును వక్రీకరించడం కళాకారుడు ఒక వాద్యానికి చేసిన నిర్ణయం. మాస్టరింగ్‌లో లిమిటర్‌తో మొత్తాన్ని నొక్కేయడం వల్ల ఆ వక్రీకరణ గిటారుకే పరిమితం కాక, గాయకుడి గొంతుకూ, డ్రమ్స్‌లోని సింబల్ పళ్లేనికీ, నిశ్శబ్దానికీ కూడా అంటుకుంటుంది.

ఒంగోలు ప్రాంతంలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఒక సంగతి గుర్తుంటుంది. మైకులో వ్యాఖ్యానం చెప్పే మనిషి ఉదయం నుంచి ఒకే స్థాయిలో అరుస్తూ ఉంటే, జత గీత దాటిన క్షణంలో అతని గొంతు పెరగడానికి చోటుండదు, జనం వంక తిరిగి చూస్తే తప్ప ఏం జరిగిందో తెలియదు. అనుభవజ్ఞుడైన వ్యాఖ్యాత మాత్రం జత కదలక ముందు గొంతు తగ్గించి మాట్లాడతాడు, కాడి బిగిసే చప్పుడు కూడా వినపడేంతగా తగ్గిస్తాడు. రాక్ పాటలో చరణం తగ్గి పల్లవి లేవడం కూడా ఇంతే. నిర్వాణా బృందం 1991లో లోకాన్ని పట్టుకున్నది ఆ తగ్గడం, లేవడం మీదే. చరణాన్నీ పల్లవినీ ఒకే ఎత్తుకు తెస్తే గట్టిదనం మిగులుతుంది, లేవడం పోతుంది.

పేరున్న ఆల్బమ్‌లు ఇలా పాడైన ఉదాహరణలు ఉన్నాయా?

ఉన్నాయి, వాటిలో మూడు నాలుగు మా గదిలో పాఠంలా వినిపిస్తాం.

అన్నిటికన్నా పెద్దది మెటాలికా 2008 సెప్టెంబరులో విడుదల చేసిన డెత్ మాగ్నెటిక్. అదే సమయంలో గిటార్ హీరో అనే వీడియో ఆటకు కూడా ఆ పాటలు ఇచ్చారు. ఆట కోసం వెళ్లిన రూపంలో ఆ చివరి నొక్కుడు లేదు. అభిమానులు రెండిటినీ పక్కపక్కన పెట్టి విని, డబ్బు పెట్టి కొన్న సీడీ కన్నా ఆటలోని పాటే బాగుందని గ్రహించారు. వేలమంది సంతకాలతో మళ్లీ మిక్స్ చేయమని విజ్ఞప్తి కూడా పెట్టారు. శబ్దం గురించి ఇంజినీర్లు గొడవపడటం మామూలే. వినేవారు గొడవపడటం మాత్రం అరుదు, అందుకే ఈ ఆల్బమ్ ప్రత్యేకం.

రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ 1999లో తెచ్చిన కాలిఫోర్నికేషన్‌లో క్లిప్పింగ్ ఇయర్‌ఫోన్లలోనే దొరికిపోతుంది. రష్ బృందం 2002లో తెచ్చిన వేపర్ ట్రెయిల్స్ ధ్వని విషయంలో సభ్యులకే తృప్తి లేక, 2013లో ఆల్బమ్ మొత్తాన్ని మళ్లీ మిక్స్ చేయించి విడుదల చేశారు. ఇగ్గీ పాప్ కథ వేరు: తన బృందం 1973లో తెచ్చిన రా పవర్‌ను 1997లో తానే మళ్లీ మిక్స్ చేస్తూ కావాలనే మీటర్లన్నీ ఎర్రగీత దాటించాడు. అది నాకు నచ్చకపోయినా దాన్ని తప్పు అనలేను, ఎందుకంటే నిర్ణయం ఆ పాట సొంతదారుది.

అంత పెద్ద ఇంజినీర్లు అలాంటి పనికి ఎందుకు ఒప్పుకున్నారు?

ఒప్పుకోకపోతే ఆ పని పక్క గదికి పోతుంది, అంతే. డెత్ మాగ్నెటిక్ మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్, మిక్స్‌లు తన దగ్గరికి వచ్చేసరికే నొక్కేసి ఉన్నాయని ఒక అభిమానికి రాసిన జవాబు బయటికి వచ్చింది. దీన్ని బట్టి తెలిసేదేమిటంటే ఒత్తిడి ఏదో ఒకే మనిషి దగ్గర ఉండదు. వాద్యకారుడు తన గిటారు వినపడాలని కొంత నొక్కుతాడు, మిక్సింగ్ ఇంజినీరు వినేవారు మెచ్చాలని కొంత, నిర్మాత రేడియోలో నిలబడాలని కొంత, కంపెనీ మనిషి పోయినేడు బాగా అమ్ముడైన ఆల్బమ్‌తో పోల్చి ఇంకొంత. ఎవరికి వారు కొంచెమే చేశారు. విచిత్రమేమిటంటే రేడియో స్టేషన్లు ప్రసారానికి ముందు తమ సొంత యంత్రాలతో అన్ని పాటలనూ ఒకే మట్టానికి తెస్తాయి. ముందే నొక్కిన పాట ఆ యంత్రంలోంచి గట్టిగా రాదు, మరింత నలిగి వస్తుంది.

ఒత్తిడి ఎప్పుడూ గట్టిదనం రూపంలోనే రాదని కూడా చెప్పాలి. 1993లో నిర్వాణా తన మూడో స్టూడియో ఆల్బమ్ ఇన్ యూటెరోను ఇంజినీరు స్టీవ్ ఆల్బినీతో సుమారు రెండు వారాల్లో రికార్డు చేసింది. ఆయన రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, తీసుకోవడం తప్పని నమ్మి, లక్ష డాలర్ల స్థిర పారితోషికంతో సరిపెట్టుకున్నాడు. ఫలితం కంపెనీకి నచ్చలేదు, గొంతు లోపలికి పోయిందన్న మాటలు వచ్చాయి, చివరికి రెండు ముఖ్య పాటలను స్కాట్ లిట్ అనే నిర్మాత చేత మళ్లీ మిక్స్ చేయించారు. అయినా ఆల్బమ్‌లో ఆ గది, ఆ డ్రమ్స్ మిగిలాయి. డ్రమ్స్ రికార్డింగ్ గురించి అడిగేవారికి ముందుగా దాన్నే వినమంటాం.

ఎదురు నిలిచినవారు ఎవరూ లేరా?

ఉన్నారు. డెత్ మాగ్నెటిక్ వచ్చిన ఏడాదే, 2008 నవంబరులో, గన్స్ ఎన్ రోజెస్ చైనీస్ డెమోక్రసీ వచ్చింది. మాస్టరింగ్ చేసిన బాబ్ లడ్విగ్ మూడు రూపాలు తయారు చేసి పంపితే, బృందం తరఫువారు గట్టిదనం కోసం నొక్కని రూపాన్నే ఎంచుకున్నారు. ఆ ఆల్బమ్ గురించి ఎవరి అభిప్రాయం వారిది, ఆ ఎంపిక మాత్రం మెచ్చుకోదగ్గది. మేము కూడా అప్పటి నుంచే మూడు రూపాలు పంపే పద్ధతి అలవాటు చేసుకున్నాం.

స్ట్రీమింగ్ వచ్చాక ఈ పోటీ ముగిసినట్టేనా?

సగం ముగిసింది. 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ గట్టిదనాన్ని చెవికి దగ్గరగా కొలిచే ఒక పద్ధతిని ప్రమాణంగా ప్రకటించింది. దాని కొలమానాన్ని ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటారు; కప్పును సున్నాగా పెట్టుకుని కిందికి లెక్కిస్తారు కాబట్టి అంకెలు మైనస్‌లో ఉంటాయి, సున్నాకు దగ్గరైతే గట్టిదని అర్థం. 2010లో ఐరోపా ప్రసార సంస్థలు మైనస్ 23ను తమ మట్టంగా పెట్టుకున్నాయి. స్పాటిఫై, యూట్యూబ్ సుమారు మైనస్ 14కు, ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16కు పాటలను సర్దుతాయి. రెండు పందిళ్ల వీధిలోకి ఎస్సై వచ్చి, ఇద్దరి ఆంప్లిఫయర్లనూ ఒకే గీత దగ్గర పెట్టి, తాళం జేబులో వేసుకున్నాడనుకోండి, అలాంటిదే ఇది.

ఇప్పుడు లెక్క చూడండి. మీ పాట మైనస్ 7 దగ్గర నొక్కి పంపారు, పక్క బ్యాండు మైనస్ 12 దగ్గర ఆపింది. రెండు పాటల శిఖరాలూ కప్పు కింద ఒక డెసిబెల్ దూరంలో ఉన్నాయి. మైనస్ 14కు సర్దేటప్పుడు మీ పాటను 7 డెసిబెల్స్, వారి పాటను 2 డెసిబెల్స్ దించుతారు. సగటు సమానమైంది. కాని మీ స్నేర్ శిఖరం ఇప్పుడు మైనస్ 8 దగ్గర, వారిది మైనస్ 3 దగ్గర ఉంది. అంటే వారి డ్రమ్మరు మీ డ్రమ్మరు కన్నా 5 డెసిబెల్స్ ఎత్తున కొడుతున్నాడు. గట్టిగా ఉండాలని మీరు డబ్బిచ్చి చేయించుకున్న పని మీ దెబ్బనే చిన్నది చేసింది.

సగమే అన్నది ఎందుకంటే, ఈ సర్దుబాటును ఆపేసే మీట వినేవారి ఫోనులో ఉంటుంది. పైగా వాట్సాప్‌లో పంపుకునే ఫైలుకు, బ్లూటూత్ పెట్టెలో పెన్‌డ్రైవ్‌తో మోగే పాటకు ఇవేవీ వర్తించవు. మన వైపు చాలా పాటలు తిరిగేది ఆ దారుల్లోనే.

అయితే సరిగ్గా మైనస్ 14కే మాస్టర్ చేయమంటారా?

అక్కర్లేదు. అది వేదిక సర్దుకునే మట్టం, మీకు పెట్టిన లక్ష్యం కాదు. అకౌస్టిక్ గిటారు, గొంతు మాత్రమే ఉన్న పాట మైనస్ 16 దగ్గర హాయిగా ఉండవచ్చు, మెటల్ పాట మైనస్ 9 దగ్గర కూడా తన పొగరు నిలుపుకోవచ్చు. ఎక్కడ ఆపాలో మీటరును కాక డ్రమ్మరును అడగండి. శిఖరాలు మాత్రం కప్పు కింద కనీసం ఒక డెసిబెల్ ఎడంగా ఉంచుతాం, ఎందుకంటే ఫైలును కుదించి పంపేటప్పుడు శిఖరాలు కాస్త పెరుగుతాయి.

గట్టిగా చేయమని వచ్చిన ఒత్తిడికి మీరెప్పుడైనా లొంగారా?

లొంగాం. కందుకూరు వైపు నుంచి వచ్చిన ఐదుగురు కుర్రాళ్ల తొలి ఆల్బమ్‌కు ఒక వ్యాపార సంస్థ డబ్బు పెట్టింది. ఆ సంస్థ తరఫున వచ్చిన పెద్దమనిషి మొదటి మాస్టరును ఫోను స్పీకరులో విని "దుమ్ము లేవాలి సార్, ఇది లేవడం లేదు" అన్నారు. రెండోది పంపాం, అదే మాట. నాలుగోసారి విసుగొచ్చి మైనస్ 6 దాకా నొక్కి పంపాను. వెంటనే "ఇదీ పాట" అని జవాబు, మరుసటి రోజు బాకీ డబ్బు. నేను సంతోషంగానే ఉన్నాను, ఆ సంగతి దాచను.

ఆల్బమ్ విడుదలైన వారానికి డ్రమ్మరు ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. ఇయర్‌ఫోను ఒకటి నా చెవిలో పెట్టి, మూడో పాటలో గిటార్లు ఆగి అతని డ్రమ్స్ ఒక్కటే మోగాల్సిన రెండు ఆవర్తాల దగ్గర ఆపి, "అన్నా, ఇందులో నేను యాడుండానన్నా?" అన్నాడు. ఆ చోట కర్ర దెబ్బ లేదు. దెబ్బ ఉండాల్సిన చోట అట్టపెట్టెను తట్టినట్టు ఒక మెత్తని చప్పుడు, దాని వెనక లిమిటర్ ఊపిరి తీసుకున్నట్టు గది శబ్దం ఉబ్బి తగ్గడం వినిపించాయి. ఆ రాత్రే పాత మిక్స్ తీసి మళ్లీ మాస్టర్ చేశాను, డబ్బు అడగలేదు. ఫైలు మార్పించడానికి ఆ పెద్దమనిషి ఒప్పుకోవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

కాలేజీ ఫెస్టులో డీజే బాక్సుల మీద మోగించడానికి వేరే మాస్టరు కావాలా?

వద్దు. ఆ బాక్సులకు ఎప్పుడూ శబ్దం కొరత ఉండదు. బాగా నొక్కిన పాటను వాటి మీద పెడితే గరగర కూడా పెద్దదై వస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని, నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయని నిర్వాహకులకు గుర్తు చేయండి.

మా పాట నలిగిందో లేదో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి?

మాస్టర్ చేయక ముందు మిక్స్‌నూ, మాస్టరునూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కన పెట్టండి. ఉచితంగా దొరికే గట్టిదనం మీటరు ఒకటి పెట్టి, మాస్టరును మిక్స్ స్థాయికి దించండి. పెంచకండి, దించండి. కళ్లు మూసుకుని, ఇంకొకరిని మార్చమని చెప్పి వినండి. మాస్టరు బాగుంటే పని సరిగా జరిగినట్టు. తేడా తెలియకపోయినా ఫరవాలేదు. మిక్సే బాగుందనిపిస్తే, మీరు డబ్బిచ్చింది గట్టిదనానికి మాత్రమే. ఇది కనీసం చరణం చివర నుంచి పల్లవి మొదటి దాకా వినాలి, పల్లవి ఒక్కటే వింటే మోసపోతారు.

మిక్స్‌ను మీకు ఎలా పంపాలి?

24 బిట్ల వేవ్ ఫైలుగా, మాస్టర్ ఛానెల్ మీద లిమిటర్ తీసేసి, శిఖరాలు మైనస్ 6 ప్రాంతంలో ఉండేలా పంపండి. లిమిటర్‌తో వినడం అలవాటైపోయి ఉంటే, ఆ రూపాన్ని కూడా విడిగా పంపండి. మీ మనసులో ఏముందో మాకు తెలుస్తుంది.

మా దగ్గర నొక్కేసిన మాస్టరు ఒక్కటే మిగిలింది. దాన్ని విప్పి పాత రూపానికి తేగలరా?

తేలేం. తెగిన శిఖరాలను ఊహించి అతికించే ప్లగిన్లు ఉన్నాయి, గరగర కొంత తగ్గుతుంది. కాని అవి గీసేది ఊహే, ఆ రోజు మీ డ్రమ్మరు కొట్టిన దెబ్బ కాదు. కాబట్టి మా గది నుంచి వెళ్లేటప్పుడు మాస్టరుతో పాటు మిక్స్‌నూ, విడివిడి ట్రాకులనూ అడిగి తీసుకోండి. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు ఇళ్లలో పెట్టండి. మా దగ్గర ఉన్న నకలును ఏడాది తర్వాత తుడిచేస్తాం.